విమానం నిలవని గోడ

పోయిన వారం ఇన్సాఫ్‌ని గోడ ముందు, చేతిలో నీలిరంగు చిప్పతో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. పొద్దున వేసిన విమానం మధ్యాహ్నం తిండి తినొచ్చేసరికి మళ్ళీ లేదు. ఎవరో గీకేశారు. కాబా జోలికి పోలేదు, మదీనా పచ్చ గుమ్మటం జోలికి పోలేదు, గుమ్మం పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డ సింహానికి మీసం కూడా చెదరలేదు. పోయింది విమానం ఒక్కటే. ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లూ అదొక్కటే పోతోంది.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నైలు పడమటి గట్టున ఉన్న ఈ కోమ్ రమ్లాలో ఎవరైనా మక్కా యాత్రకి వెళితే, వాళ్ళు తిరిగొచ్చేలోగా ఇంటివాళ్ళు ముందు గోడకి సున్నం కొట్టించి యాత్రంతా బొమ్మలుగా వేయిస్తారు. ఈ గోడ తఫీదా అత్తది. ఊరంతా తప్పెట్లు కొడుతూ రైలు స్టేషన్ దాకా వెళ్ళి ఆవిణ్ణి సాగనంపింది. కొడుకు బదావీ వెంట వెళ్ళి, విమానం ఎక్కించి వచ్చానని చెప్పాడు. ఆవిడింకా రాకముందే జనం, యాత్ర చేసొచ్చినవాళ్ళని పిలిచినట్టు, ఆవిణ్ణి హజ్జా తఫీదా అనడం మొదలుపెట్టేశారు. గోడ పని గల్లాబ్ మేస్త్రి కూతురు ఇన్సాఫ్ చేతికొచ్చింది. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది.

సవ్యంగా లేనిది ఇన్సాఫ్ భయం. తండ్రికి చెయ్యి పడిపోయిన ఏడు ఆమె మొట్టమొదటి గోడ వేసింది, అందరూ చూస్తుండగా. ఒంటె వేస్తే మేకలా వచ్చింది. ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పటినుంచి ఆ ఊళ్ళో ఏది వంకరగా వచ్చినా దానికి ఇన్సాఫ్ ఒంటె అనే పేరు. జుబ్బా కుట్టు చెడితే ఇన్సాఫ్ ఒంటె, రొట్టె మాడితే ఇన్సాఫ్ ఒంటె. ఆ రోజు నవ్వనిది తఫీదా అత్త ఒక్కతే. తన గోడ ఇన్సాఫే వెయ్యాలని, అదీ దాక్కోకుండా వెయ్యాలని అందరిముందూ చెప్పింది. ఇన్సాఫ్ మాత్రం ఆ మర్నాడే గోనె సంచులు విప్పి, కుట్టి, పెద్ద తెర చేసుకుంది. ఇప్పటికీ ఆ తెర వెనకే పని చేస్తుంది. ఒంటె మాత్రం మళ్ళీ వెయ్యలేదు. ఎవరైనా అడిగితే ఈ రోజుల్లో ఒంటె మీద ఎవరు వెళ్తున్నారని తప్పించుకుంటుంది.

ఇక ఈ మధ్యాహ్నం సంగతి.

ఆమె గోడ మొదట్లో రాలిన పెచ్చుల్ని వేళ్ళతో నలిపి చూసింది. సున్నం పెచ్చులు ఇంకా పచ్చిగా ఉన్నాయి. అంటే ఇప్పుడే జరిగింది. ఎదురుగా షహాత్ టీకొట్టు నిండా జనం ఉండగా, పట్టపగలు జరిగింది. తెర ఎత్తి ఎవడు లోపలికి దూరినా ఆ బల్ల మీదివాళ్ళకి కనిపించకుండా ఉండదు. కనిపించినా చెప్పలేదంటే వాళ్ళంతా ఒకటే అయ్యుండాలి.

అనుమానం ఒకసారి దూరాక ఎవరి మొహం చూసినా దొంగ మొహంలాగే ఉంటుంది. మంగలి హిలాలీ ఆమె వచ్చేసరికి ఎందుకు గొంతు సవరించుకున్నాడు? షహాత్ ఈ మధ్య డబ్బులు వద్దని మరీ ఎందుకు టీ ఇస్తున్నాడు? బదావీ భార్య గలీలా పావురాలకి గింజలు వెయ్యాలంటూ రోజుకి నాలుగైదుసార్లు డాబా ఎక్కుతుంది. నిన్న ఆమె చేతిలో గింజల చేటతో పాటు టీ గ్లాసు కూడా ఉంది. ఆ ఇంట్లో పావురాలు టీ కూడా తాగుతాయేమో ఇన్సాఫ్‌కి తెలియదు. కానీ అందరికంటే ఎక్కువ అనుమానం వహీబ్ మాస్టారి మీదే. బళ్ళో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. పొద్దస్తమానం బల్ల చివర కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, ఎవరు ఏ గోడ వేసినా వంక పెడతాడు. ఆ రోజు ఒంటెని మేక అని మొదట అన్న నోరు ఆయనదే.

ఆమె నీలిరంగు చిప్ప కింద పెట్టింది. మళ్ళీ విమానం వేస్తే మళ్ళీ గీకుతారు. తఫీదా అత్త వచ్చే వేళకి గోడ మధ్యలో బోడి మచ్చ మిగిలితే తండ్రి పేరు కూడా తనతోపాటే పోతుంది, ఇంకే గుమ్మమూ తనని పిలవదు. దీనికి మార్గం ఒక్కటే ఉంది, అది ఆమెకి మొదటినుంచీ తెలుసు. తెర లేకపోతే ఎవడూ గీకలేడు. తెర లేకపోతే తనని కాపాడేదీ ఏమీ ఉండదు.

ఆమె మొదటి తాడు విప్పేసరికి బదావీ గుమ్మంలోకి వచ్చాడు.

ఏం చేస్తున్నావని అడిగాడు. తెర దించుతున్నానని, అందరూ చూస్తుంటే ఎవడు గీకుతాడో చూస్తానని ఆమె చెప్పింది. బదావీ మొహం మారిపోయింది. ఎండకి రంగులు పాడైపోతాయన్నాడు. సున్నానికి ఎండ తగిలితేనే రంగు పట్టేదని ఇన్సాఫ్ అంది. దుమ్ము పడుతుందన్నాడు. దుమ్ము లేని రోజు ఈ ఊళ్ళో ఎప్పుడుందని అడిగింది. అసలు ఆ తెర కర్రల్ని డాబా పిట్టగోడ మీదికి నిలువెత్తున లేపి కట్టించింది అతనే. అంత ఎత్తు ఎందుకని అప్పుడే అడుగుదామనుకుంది, నీడ కోసమేలే అని ఊరుకుంది.

ఆమె రెండో తాడు మీద చెయ్యి వేసింది. బదావీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నీ పనితనం చూసి పిలిచాననుకుంటున్నావా? తెర కట్టుకుని పని చేస్తావనే పిలిచా."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. గొడవ లేకుండా చేసుకుపోతావని అర్థం, ఆడపిల్లవి కదా, మర్యాదగా ఉంటుందని అర్థం, అంటూ ఏవేవో సర్దబోయాడు. ఆ మాట ఇన్సాఫ్‌కి చెంపదెబ్బలా తగిలింది. ఇన్నాళ్ళూ తన చెయ్యి బాగుందనే ఈ గోడ వచ్చిందని మురిసిపోయింది. రాత్రిళ్ళు తల్లికి చెప్పుకుని సంబరపడింది. కన్నీళ్ళు వచ్చాయి. వాటి వెనకే ఒక ప్రశ్న కూడా వచ్చింది. పనితనం అక్కర్లేదు, తెర కావాలి. ఎందుకు?

"అన్నా, ఈ తెర నాకు కావాలా, నీకు కావాలా?"

ఆమె రంగు కలిపే కత్తితో తాడు తెంపేసింది. గోనె తెర ధబ్బున కిందపడి దుమ్ము లేచింది. బదావీ గబగబా లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాడు. మెట్ల మీద అతని కాళ్ళ చప్పుడు పైకి పోవడం ఇన్సాఫ్ విన్నది.

దుమ్ము సర్దుకునేసరికి టీకొట్టు మొత్తం లేచి నిలబడి ఉంది. డొమినో ముక్కలు బల్ల మీదే వదిలేశారు. అలా చూస్తూ నిలబడటం కంటే వాళ్ళు నవ్వినా నయమని ఆమెకి అనిపించింది. వీపు మీద ఊరి కళ్ళన్నీ పాకుతున్నట్టుంది. అప్పుడు ఎర్రమట్టి చిప్ప తీసుకుంది. ఎలాగూ పరువు పోయే రోజే, పోయేదేదో పూర్తిగా పోనీ అనుకుని ఒంటె మొదలుపెట్టింది.

"అది మూపురమా, పక్క ఊరి దిబ్బా?" అన్నాడు హిలాలీ.

నవ్వులు లేచాయి. ఆమె కుంచె జారి గీత పక్కకి పోయింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ వేసింది. మెడ వేసింది. ఎవరో ఆ మెడ మీద బట్టలు ఆరేసుకోవచ్చన్నారు. కన్ను వేసింది. అచ్చం మా అత్తగారి కన్నే అని షహాత్ అన్నాడు. ఆ అత్తగారు ఆ వీధిలోనే ఉంటుంది, ఆవిడ కళ్ళు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఇన్సాఫ్‌కి కూడా నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది కానీ ఆగలేదు. గోడ వైపు తిరిగే నవ్వింది, భుజాలు కదలడం వాళ్ళకి కనిపించే ఉంటుంది.

నవ్వాక గీత కొంచెం తిన్నగా పడసాగింది. తెర వెనక ఇన్నేళ్ళూ ఆమె విన్న మాటలు వీటికంటే చాలా ఘోరమైనవి. అవన్నీ తనకి తాను చెప్పుకున్నవే. వీళ్ళు పాపం ఆ స్థాయికి ఎప్పటికీ రాలేరు.

"మోకాలు పైకి పోయింది" అన్నాడు వహీబ్ మాస్టారు.

ఆయన నవ్వలేదు. అందుకే ఆమెకి ఒళ్ళు మండింది. ఇంకా మండిందెందుకంటే మాట నిజమే. మోకాలు పైకి పోయింది. చెప్పింది ఆయనైనా తప్పు తప్పే కాబట్టి తడిగుడ్డతో తుడిచి మోకాలు కిందికి దించింది. దించగానే ఒంటె కాళ్ళ మీద నిలబడింది. బల్ల మీద ఎవరో సెభాష్ అన్నట్టు చప్పుడు చేశారు. అయినా ఆమెకి ఆనందం కంటే కోపమే ఎక్కువగా ఉంది. కుంచె పట్టుకునే వీధి వైపు తిరిగింది. తెర లేకుండా జనం వైపు తిరిగి నిలబడటం ఆమెకి అదే మొదలు.

"మాస్టారూ, ఒంటె మోకాలు సరిచేశారు, సంతోషం. నా విమానాన్ని ఎందుకు గీకుతున్నారు?"

మాస్టారు టీ గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు.

"నువ్వు వేసే విమానాలన్నీ చేపల్లా ఉంటాయి పిల్లా. నీ మొహం మీదే చెప్తున్నా, రేపూ చెప్తా. బొమ్మ బాగా లేకపోతే అనడానికి నాకు నోరుంది. కొడవలితో ఏం పని?"

"కొడవలని నేను చెప్పలేదే. మీకెలా తెలుసు?"

ఈసారి జనమంతా మాస్టారి వైపు తిరిగారు. హిలాలీ అయితే కొద్దిగా పక్కకి జరిగి కూర్చున్నాడు. ఆయన మాత్రం కళ్ళజోడు తీసి జుబ్బా అంచుతో తుడుచుకున్నాడు.

"గీతలు వంకీలు తిరిగి ఉన్నాయి. ఇక్కడికి కనిపిస్తున్నాయి. నువ్వు ఏనాడైనా నీ గోడని ఇంత దూరం నుంచి చూశావా?"

ఆమె చూడలేదు. తెరకీ గోడకీ మధ్య బారెడు చోటుంటే ఎక్కువ. ఇన్నేళ్ళలో తాను వేసిన ఏ గోడనీ పని నడుస్తుండగా ఎదుటివైపు నుంచి చూడలేదు. ఆయన ఏదో ఉచ్చు వేస్తున్నాడని అనుమానపడుతూనే వీధి దాటి, మాస్టారి పక్కన నిలబడి వెనక్కి తిరిగింది.

మొదట కనిపించింది తన పనే. కాబా, గుమ్మటం, సింహం, కొత్తగా నిలబడ్డ ఒంటె. అన్నీ ఒకదాని వెంట ఒకటి నడుస్తున్నట్టున్నాయి. బాగుంది. ఎవరూ చెప్పకుండానే బాగుందని ఆమెకి తెలిసింది. గుండె నిండిపోయింది. ఆ తర్వాత విమానం ఉండాల్సిన చోటు కనిపించింది. అది గోడకి అన్నింటికంటే పైన, పిట్టగోడ కిందనే ఉంది. గీతలన్నీ పై అంచు దగ్గర లోతుగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, చెయ్యి చాపినంత దూరంలో ఆగిపోయాయి.

వీధిలోంచి ఎవరికీ అక్కడికి చెయ్యి అందదు. నిచ్చెన కావాలి. తిండికి వెళ్ళేటప్పుడు ఆమె నిచ్చెనని షహాత్ బల్ల కింద పడేసి వెళ్తుంది, దాని మీద వీళ్ళందరూ కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. అది కింద నుంచి గీకింది కాదు. డాబా మీంచి వంగి గీకింది. ఇంటి లోపలి మనిషి చేసిన పని.

"అర్థమైందా?" అన్నాడు మాస్టారు. ఆయనకి క్షమాపణ చెప్పాలని ఆమెకి తట్టింది. తల మాత్రం ఊపింది.

ఇంటివాళ్ళే డబ్బిచ్చి వేయించుకుని ఇంటివాళ్ళే గీకడమేమిటి? బదావీకి విమానమే కావాలి, మొదటిరోజే మరీ మరీ చెప్పాడు. మరి గలీలానా? గలీలాకి విమానంతో వైరమేమిటి? డాబా అంచు పొడుగునా జొన్నచొప్ప మోపులు నిలబెట్టి ఉన్నాయి. అందరి డాబాల మీదా చొప్ప ఉంటుంది, అడ్డంగా పడేసి ఉంటుంది. ఇలా గోడలా నిలబెట్టి ఎవరూ పెట్టరు. వాటి పైన ఇందాకటిదాకా తెర కూడా ఉంది. తెర దాచింది తన బొమ్మల్ని కాదు, ఆ డాబాని అని ఇన్సాఫ్‌కి అప్పుడు తోచింది. తన భయాన్ని చూసి ఎవరో తమకి కావాల్సినట్టు వాడుకున్నారు. అవమానంతో చెవులు వేడెక్కాయి.

ఆమె నిచ్చెన తీసుకెళ్ళి గోడకి ఆనించింది. బదావీ మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు, ఒగరుస్తున్నాడు. పై పని రేపు చేద్దువుగానీ, ఇవాళ్టికి చాలన్నాడు. ఆమె వినిపించుకోలేదు. చిప్పలు బుట్టలో పెట్టి భుజానికి తగిలించుకుని ఎక్కింది. రోజూ ఆగే మెట్టు దగ్గర ఆగకుండా ఇంకో మెట్టు ఎక్కి, చొప్ప మోపుల్ని రెండు చేతులా పక్కకి తోసింది.

పావురాల గూడు నీడలో చాప మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. యాత్రకని కుట్టించుకున్న తెల్లబట్టలు మాసిపోయి ఉన్నాయి. పక్కన తాగేసిన టీ గ్లాసు, ఒళ్ళో గడ్డి కోసే కొడవలి. గడ్డం మీద ఊరంతా ఎరిగిన ఆకుపచ్చ చుక్కల పచ్చబొట్టు.

"హజ్జా…"

"ఆ మాట అనకు పిల్లా. నేను ఎక్కడికీ వెళ్ళలేదు."

ఇన్సాఫ్ నిచ్చెన గట్టిగా పట్టుకుంది. తఫీదా అత్త లేవలేదు, గొంతు పెంచలేదు. విమానం దాకా తీసుకెళ్ళిన మాట నిజమేనంది. అక్కడివాళ్ళు ఎక్కనివ్వలేదంది. ఎందుకో బదావీనే అడగాలంది. ఊరు ఊరంతా తప్పెట్లు కొట్టి సాగనంపాక వెనక్కి ఏ మొహం పెట్టుకుని రావడమని కొడుకు కాళ్ళ మీద పడ్డాడట. యాత్రికులు తిరిగొచ్చే రోజు దాకా ఇక్కడ ఉంటే, ఆ రోజు అందరితోపాటే వీధిలోకి రావచ్చన్నాడట. ఆవిడ సరేనంది. నలుగురూ ఏమంటారోనని ఆవిడకీ భయమే వేసింది. కానీ చొప్ప సందులోంచి ఆ విమానాన్ని చూసినప్పుడల్లా ఊపిరాడలేదట. చచ్చేదాకా ఆ అబద్ధం కిందనుంచే ఇంట్లోకి వెళ్ళాలి. నోరు తెరిచే ధైర్యం లేక కొడవలి పట్టుకున్నానని చెప్పింది.

"నిన్ను దాక్కోవద్దని చెప్పినదాన్ని నేనే. సిగ్గుగా ఉంది" అంది.

కింద నుంచి హిలాలీ అక్కడ ఏం కనిపిస్తోందని అరిచాడు. గలీలా గ్లాసు సంగతి ఇంకెవరో కూడా చూసినట్టున్నారు, పావురాలు టీ తాగుతున్నాయా అన్నారు, నవ్వారు. ఇన్సాఫ్ కిందికి చూసింది. వీధంతా తలెత్తి ఉంది. బదావీ మొహం సున్నం కొట్టినట్టుంది. అబద్ధం చెప్పి దిగిపోవచ్చు. విమానం వేసి, డబ్బు తీసుకుని, మళ్ళీ తెర కుట్టుకోవచ్చు. ఆ ముసలామెని తాను బయటపెట్టకూడదు, ఆ హక్కు తనకి లేదు. ఏం చెయ్యమంటావన్నట్టు తఫీదా అత్త వైపు చూసింది.

ఆవిడ కొడవలి తీసి పక్కన పెట్టింది. తలగుడ్డ సర్దుకుంది. బొమ్మ వేయించుకునేవాళ్ళు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది.

"నీకు కనిపించింది వెయ్యి. ఈసారి గీకనులే."

ఇన్సాఫ్ కుంచె ముంచింది. గీకిన చోట ముందు పావురాల గూడు వేసింది. హజ్ గోడ మీద పావురాలేమిటని ఎవరో అడిగారు, మక్కాలో మాత్రం పావురాలు లేవా అని ఇంకొకరు సర్దిచెప్పారు. చాప వేసింది. చాప మీద తెల్లబట్టల్లో కూర్చున్న మనిషిని వేసింది. జనం ఏవేవో అంటూనే ఉన్నారు, ఆమె వింటూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఆఖర్న సన్నకుంచె తీసుకుని ఆ మనిషి గడ్డం మీద ఆకుపచ్చ చుక్కలు పెట్టింది.

వీధిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వహీబ్ మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, లేచి, గోడ దాకా నడిచొచ్చాడు. ఆ బొమ్మకేసి చాలాసేపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఏ వంకా పెట్టలేదు.

"ఇది తఫీదానే" అన్నాడు. "మక్కాలో వెయ్యకుండా మన ఊరి డాబా మీద వేశావేం పిల్లా?"

ఇన్సాఫ్ జవాబు చెప్పేలోగా కాళ్ళ కింద నిచ్చెన కదిలింది. బదావీ రెండు చేతులా దాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నది నిలపడానికో లాగేయడానికో పై నుంచి ఆమెకి తెలియలేదు. ఆమె తల పైన చొప్ప మోపులు గలగలమన్నాయి. తఫీదా అత్త లేచి నిలబడుతోంది.